లివర్‌పూల్ ఆ పేపర్‌ను ఇప్పటికీ ఎందుకు కొనకూడదు?

ఏటా ఏప్రిల్ 15 దగ్గరపడే కొద్దీ లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఒక పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో చనిపోయిన లివర్‌పూల్ అభిమానుల మీద అబద్ధాలు అచ్చేసిన బ్రిటిష్ పత్రిక ‘ది సన్’ను బహిష్కరించి మూడున్నర దశాబ్దాలు దాటింది, ఇంకెన్నాళ్లని ఒకరంటారు. పేపర్ కొనకపోతే చాలదు, దాని వెబ్‌సైట్ లింకు కూడా నొక్కకూడదని ఇంకొకరంటారు. 2018 దాకా స్కై టీవీలో సన్ యజమాని మర్డోక్‌కు పెద్ద వాటా ఉండేది కదా, ఆ చానల్‌కు నెలనెలా డబ్బు కట్టి మ్యాచ్‌లు చూసి, పేపర్ మీద మాత్రం పట్టుదల ఏమిటని మరొకరు నిలదీస్తారు. హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచ్ చూసే మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా ఈ గొడవ వచ్చింది. ఎవరో ఒక ట్రాన్స్‌ఫర్ వార్త లింకు పెడతారు. అది సన్‌దని తెలియగానే ‘తీసెయ్ బ్రో’ అని పది మెసేజ్‌లు పడతాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. బహిష్కరణ కొనసాగాలి, పేపర్‌కూ లింకుకూ కూడా. క్షమాపణ చెప్పేశారు కదా అన్న ఒక్క మాటతో దాన్ని ఆపకూడదు.

జరిగింది చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియం. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్ సెమీఫైనల్. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లు ఉన్న 10,100 మంది లోపలికి వెళ్లడానికి ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేట్లు, టర్న్‌స్టైల్స్, ఏడే ఏడు ఉన్నాయి. బయట జనం పేరుకుపోయారు. పోలీసు కమాండర్ డేవిడ్ డకెన్‌ఫీల్డ్ మధ్యాహ్నం 2:52కి ‘సి’ గేటు తెరవమన్నాడు. తెరిచాక ఆ జనాన్ని ఎటు మళ్లించాలో ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కనిపించిన సొరంగ మార్గంలోంచి వాళ్లంతా అప్పటికే కిక్కిరిసిన మధ్య గ్యాలరీల్లోకి వెళ్లారు. ముందూ ఇనుప కంచే, పక్కలా ఇనుప కంచే. 3:06కి మ్యాచ్ ఆపారు. మొత్తం 97 మంది చనిపోయారు. చివరి మనిషి ఆ గాయాలతోనే 32 ఏళ్లు బతికి 2021లో కన్నుమూశాడు. అందరిలోకీ చిన్నవాడికి పదేళ్లు, పెద్దాయనకు 67. గేటు తెరవమన్నది తానే అయినా, అభిమానులే దాన్ని తోసుకుని వచ్చారని డకెన్‌ఫీల్డ్ ఆ మధ్యాహ్నమే ఎఫ్ఏ అధికారికి చెప్పాడు. అది అబద్ధమని 2015లో విచారణ ముందు ఒప్పుకున్నాడు.

ఆ అబద్ధానికి ముద్రణ దొరికింది ఏప్రిల్ 19న. సన్ మొదటి పేజీ నిండా పెద్దక్షరాల్లో ‘నిజం’ అని శీర్షిక. దాని కింద మూడు వాక్యాలు. కొందరు అభిమానులు బాధితుల జేబులు కొట్టేశారు. కొందరు పోలీసుల మీద మూత్రం పోశారు. నోటితో ఊపిరి అందిస్తున్న కానిస్టేబుల్‌ను కొందరు కొట్టారు. షెఫీల్డ్‌లోని ఒక వార్తా ఏజెన్సీకి పోలీసులు పేరు చెప్పకుండా చెప్పిన మాటలు, స్థానిక కన్జర్వేటివ్ ఎంపీ ఇర్విన్ పాట్నిక్ మాటలు, ఆధారాలంటే అంతే. ఎడిటర్ కెల్విన్ మెకెంజీ.

ఆ మధ్యాహ్నం అభిమానులు చేసింది వేరు. మైదానం చుట్టూ ఉన్న ప్రకటన బోర్డులను పీకి, వాటినే స్ట్రెచర్లుగా చేసుకున్నారు. ఒక్కో బోర్డు మీద ఒక మనిషిని పడుకోబెట్టి, నలుగురైదుగురు చెరో అంచూ పట్టుకుని మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తారు. అంబులెన్సులు బయట వరుస కట్టినా లోపలికి వచ్చినవి కొన్నే. అలా మోసినవాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు. టీవీ కెమెరాలు అక్కడే ఉన్నాయి, దేశమంతా చూసింది. నాలుగు రోజులకే ఆ పిల్లలను శవాల జేబులు కొట్టేవాళ్లని రాశారు. ఇది పొరపాటు అనే మాటకు అందే విషయం కాదు.

బహిష్కరణ ఆపాలనేవాళ్ల వాదనలో కొంత బలం ఉంది. ఇప్పుడు ఆ పత్రికలో పనిచేసే చాలామంది అప్పటికి పుట్టనే లేదు. ఆ రోజుల్లో ఇతర పత్రికలూ ఆ ఆరోపణలను వేశాయి. 2017లో లివర్‌పూల్ క్లబ్ సన్ విలేకరులను తన మైదానంలోకి రానివ్వకపోవడం పత్రికా స్వేచ్ఛకు మంచిది కాదని కూడా అంటారు. నా జవాబు ఇది. ఇతర పత్రికల్లో కొన్ని ‘పోలీసులు ఆరోపిస్తున్నారు’ అని రాశాయి. సన్ ‘నిజం’ అని రాసింది. ఇక స్వేచ్ఛ సంగతికొస్తే, ఆ పత్రికను ఎవరూ మూయించలేదు, ఒక్క వాక్యం కూడా సెన్సార్ చేయలేదు. పాఠకుడు డబ్బులు తన జేబులోనే ఉంచుకున్నాడు, అంతే. అచ్చువేసే హక్కు వాళ్లకుంటే కొనకుండా ఉండే హక్కు వీళ్లకుంది.

క్షమాపణల తేదీలు వరసగా పెట్టి చూడండి. 1989 ఆగస్టులోనే జస్టిస్ టేలర్ మధ్యంతర నివేదిక ప్రధాన కారణం పోలీసు నియంత్రణ వైఫల్యమేనని తేల్చింది. అప్పుడు రావాల్సిన క్షమాపణ రాలేదు. 1993లో మెకెంజీ పార్లమెంటు కమిటీ ముందు విచారం వ్యక్తం చేశాడు. 2004లో లివర్‌పూల్‌లోనే పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ రూనీ తన కథను సన్‌కు అమ్మి ఊరంతా మండిపడ్డాక, పత్రిక పూర్తి పేజీ క్షమాపణ వేసింది. అందులో కూడా ఈ కోపాన్ని స్థానిక పత్రికలే ఎగదోస్తున్నాయని ఒక ఎత్తిపొడుపు. 2006లో ఒక విందు సమావేశంలో మెకెంజీ తాను అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ బాధపడటం లేదన్నాడు. 2012 సెప్టెంబరు 12న స్వతంత్ర ప్యానెల్ నివేదిక వచ్చింది. 164 మంది పోలీసుల వాంగ్మూలాలు మార్చారని, వాటిలో 116 చోట్ల పోలీసులను తప్పుపట్టే మాటలు తీసేశారని, సమయానికి సాయం అంది ఉంటే 41 మంది బతికి ఉండేవాళ్లేమోనని అది చెప్పింది. అదే రోజు మెకెంజీ మళ్లీ క్షమాపణ చెప్పాడు. మర్నాడు పత్రిక ‘అసలు నిజం’ అని మొదటి పేజీ వేసింది.

సరే, అక్కడితో మనసు మారిందనుకుందాం. 2016 ఏప్రిల్ 26న మరణ విచారణ జ్యూరీ ఇవి చట్టవిరుద్ధ మరణాలని, అభిమానుల తప్పేమీ లేదని తీర్పు చెప్పింది. మర్నాడు ఆ తీర్పు సన్ మొదటి పేజీలో లేదు. 2017లో, వర్ధంతికి ముందు రోజు, అదే మెకెంజీ అదే పత్రికలో ఎవర్టన్ ఆటగాడు రాస్ బార్క్లీని గొరిల్లాతో పోలుస్తూ కాలమ్ రాశాడు. బార్క్లీ తాత నైజీరియా మనిషి. ఆ నగరంలోని రెండో క్లబ్ కూడా ఆ పత్రికకు తలుపులు మూసింది అప్పుడే. 28 ఏళ్ల తర్వాత కూడా ఆ మనిషికి అక్కడ కాలమ్ ఉండేదంటే, ఆ క్షమాపణ ఎవరి కోసం రాసినట్టు?

లివర్‌పూల్ దిగ్గజం కెన్నీ డల్గ్లీష్ చెప్పిన ఒక సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. గొడవ మొదలైన రోజుల్లో మెకెంజీ ఫోన్ చేసి దీన్ని ఎలా సరిదిద్దాలని అడిగాడట. ‘నిజం’ అని వేసినంత పెద్ద అక్షరాల్లోనే ‘అబద్ధం చెప్పాం’ అని వేయమన్నాడట డల్గ్లీష్. కుదరదన్నాడట మెకెంజీ. డల్గ్లీష్ ఫోన్ పెట్టేశాడట. కుదరదన్న ఆ మాట దగ్గరే ఈ కథంతా ఉంది.

నాలుగేళ్ల క్రితం లివర్‌పూల్‌లో ఎంఎస్సీ చదువుతున్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్లాను. వాడు సాయంత్రాలు ఇంటి పక్క చిన్న కొట్లో పనిచేసేవాడు. పాలు, బ్రెడ్, సిగరెట్లు, లాటరీ టికెట్లు, తలుపు పక్కన పేపర్ల ర్యాకు. పనిలో చేరిన రోజే యజమాని చెప్పిన మొదటి మాట, ‘ఇక్కడ ఆ పేపర్ ఉండదు, ఎవరైనా అడిగితే లేదను, ఎందుకని అడిగితే నన్ను పిలువు’. ఆయన మ్యాచ్‌లు పెద్దగా చూసే మనిషి కాదట, తండ్రి గుజరాత్ నుంచి వచ్చి ఆ కొట్టు పెట్టాడట. ‘అయినా మానేశారా?’ అని నేనడిగాను. ‘ఈ వీధిలో ఒకావిడ కొడుకు ఇంటికి రాలేదండీ. ఆవిడ రోజూ పాలకు ఇక్కడికే వస్తుంది. ఆవిడ కళ్ల ముందు ఆ పేపర్ ఎలా పెట్టను?’ అన్నాడాయన. ర్యాకులో ఆ ఒక్క గడి ఖాళీగా లేదు కూడా, దాంట్లో పిల్లల కామిక్స్ పెట్టారు.

ఈ బహిష్కరణలో నన్ను కదిలించేది ఇదే. దీనికి చట్టం లేదు. మృతుల కుటుంబాలు, కార్యకర్తలు ఏళ్ల తరబడి తిరిగి చెప్పారు, నిజమే. కానీ దాన్ని నిలబెట్టింది కొట్టువాళ్లు, టాక్సీ డ్రైవర్లు, ఇంట్లో పిల్లలకు ‘అది మనం కొనం’ అని చెప్పిన తల్లులు. దాని ఫలితం పేపర్ అమ్మకాలతో ఆగలేదు కూడా. ఫ్లోరియన్ ఫూస్, డేనియల్ బిషోఫ్ అనే రాజకీయ శాస్త్ర పరిశోధకులు ఏళ్ల తరబడి జరిగిన అభిప్రాయ సర్వేలు తిరగేశారు. సన్ ఏళ్లకేళ్లు యూరోపియన్ యూనియన్‌కు వ్యతిరేకంగా రాసిన పత్రిక. దాన్ని చదవడం మానేసిన మెర్సీసైడ్ ప్రాంతంలో (లివర్‌పూల్ ఉన్నది ఇక్కడే), ముఖ్యంగా కార్మిక కుటుంబాల్లో, యూరోపియన్ యూనియన్ పట్ల వ్యతిరేకత తగ్గిందని వాళ్లు తేల్చారు. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని 2016లో పెట్టిన రిఫరెండంలో ఇంగ్లండ్ మొత్తం మీద బయటికి వెళ్దామన్నవాళ్లే ఎక్కువ. లివర్‌పూల్ నగరంలో ఉందామన్నవాళ్లు 58 శాతం. యూనియన్‌లో ఉండటం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఒక పేపర్ ఇంటికి రావడం ఆగిపోతే ఆ ఇంట్లో ఆలోచన మారుతుందన్నదే నాకిక్కడ ముఖ్యం. పేపర్ ఏం రాస్తే ఏముంది, ఎవరు పట్టించుకుంటారు అనేవాళ్లకు ఇదే జవాబు.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే ఇది మన ఇంటి సంగతి కూడా. సన్ ఆ కథను గాల్లోంచి పుట్టించలేదు. పోలీసులు చెప్పింది రాసింది. పోలీసులు చెప్పింది రాయడం మన దగ్గర రోజువారీ పని. ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న మూడు మాటలు ముందు తగిలిస్తే ఇక విలేకరి పని అయిపోయినట్టే. చాలాసార్లు శీర్షికలోకి వచ్చేసరికి ఆ మూడు మాటలు కూడా ఎగిరిపోతాయి. ఒక దుర్ఘటనలో పోలీసుల ఏర్పాట్ల మీదే అనుమానం ఉన్నప్పుడు, ఆ పోలీసుల మాటనే మొదటి వాక్యంగా ఎలా రాస్తాం?

మన భాషలో ఈ మరణాలకు వాడే మాటే చూడండి. తొక్కిసలాట. ఎవరో ఎవరినో తొక్కారు, అంటే తప్పు జనానిదే. హిల్స్‌బరోలో ఎక్కువమంది నిలబడే చనిపోయారు. ఊపిరి పీల్చాలంటే ఛాతీ పొంగడానికి కాస్త చోటు కావాలి, అది దొరకలేదు. మన దగ్గర కూడా చాలా ఘటనల్లో జరిగేది ఇదే, ఊపిరాడక చనిపోవడం. అయినా తెల్లారేసరికి శీర్షిక ‘ఎగబడ్డ జనం’. 2015 జులైలో రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది పోయారు. ఆ తర్వాత వేసిన విచారణ కమిషన్ కూడా ముహూర్తం మీద జనానికున్న నమ్మకాన్నీ, మీడియా ప్రచారాన్నీ తప్పుబట్టింది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. గంటల తరబడి పార్కులో కూర్చోబెట్టిన మనుషుల ముందు ఒక్కసారిగా గేటు తెరుచుకుంది. ఆ రాత్రి టీవీల్లో భక్తుల తోపులాట అనే మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. గేటు ఎవరు తీశారు, దాని వెనక వరుస ఎలా కట్టారు అన్న ప్రశ్నలకు చోటు దొరికింది ఆ తర్వాతే.

నేను ఈ మాట బయటి నుంచి అనడం లేదు. చాలా ఏళ్ల క్రితం ఒక పత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఒక రాత్రి పదిన్నరకు మండల కంట్రిబ్యూటర్ ఫోన్. జాతరలో ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. పేజీ వదలడానికి ఇరవై నిమిషాలుంది. ‘ఎస్సై గారు ఏమన్నారు?’ అన్నదే నేనడిగిన మొదటి ప్రశ్న. ‘అమ్మవారి దర్శనానికి మహిళలు ఒక్కసారిగా ఎగబడ్డారట సార్’ అన్నాడు. ‘ఎగబడి ఇద్దరు మృతి’ అని నాలుగు కాలమ్‌ల శీర్షిక నా చేతులతోనే పెట్టాను. చనిపోయినవాళ్ల ఇంటి వాళ్లతో మాట్లాడావా అని అడగలేదు. మర్నాడు తెలిసింది, ఎవరో పెద్దమనిషి కారు రావడానికి వెదురు బొంగులతో కట్టిన దారి ఒక వైపు మూసేశారని, లోపలున్న జనానికి బయటికి దారే లేకుండా పోయిందని. చనిపోయిన ఇద్దరిలో ఒకామె దర్శనం అయిపోయి తిరిగి వస్తోంది.

ఆ ఊరికి మావి డెబ్భై కాపీలు వెళ్లేవి. ఆ వారం మా ఏజెంట్ అరవైకి పైగా కాపీలను కట్టలు విప్పకుండానే వెనక్కి పంపాడు, ఊళ్లో ఎవరూ తీసుకోవడం లేదన్నాడు. సర్క్యులేషన్ వాళ్లు డెస్కుకు ఫోన్ చేసి ఏం రాశారని అడిగారు. సవరణ వేద్దామా అని నేను మా ఇన్‌చార్జిని అడిగాను, వేస్తే మనమే ఒప్పుకున్నట్టు అవుతుందన్నాడు. నేను మళ్లీ అడగలేదు. పదకొండో రోజున కాపీలు తిరిగి రావడం ఆగిపోయింది.