వీసా లేని తల్లి, నమోదు కాని బిడ్డ

దక్షిణాఫ్రికాలో బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా హోం అఫైర్స్ శాఖలో నమోదు చేయించాలని 1992 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతుంది. తల్లిదండ్రులకు చట్టబద్ధమైన పెళ్లి లేకుంటే, తల్లి రాకుండా తండ్రి ఒక్కడే తన ఇంటిపేరుతో బిడ్డను నమోదు చేయించే వీలు అప్పట్లో లేదు. అలా అడ్డుకునే సెక్షన్ చెల్లదని 2021 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఆ తీర్పు మీద ఒక నమోదు అధికారికీ, ప్రసూతి వార్డు నర్సుకూ మధ్య సాగే వాదన ఇది.

అధికారి: తల్లి ఎవరో ఆసుపత్రి చెబుతుంది సిస్టర్. తండ్రి ఎవరన్నదానికి అతని నోటిమాటే ఆధారం. ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చి నా బిడ్డే అంటే నేనేం చేయాలి? అప్పటి ప్రధాన న్యాయమూర్తి మొగొయెంగ్ కూడా ఈ తీర్పుతో ఏకీభవించలేదు.

నర్సు: అనుమానం ఉంటే విచారించండి, వద్దనను. కానీ ఆ కేసులో జరిగిందేమిటి? తండ్రి ఈ దేశ పౌరుడు. తల్లి కాంగో దేశస్థురాలు. వాళ్లది సంప్రదాయ వివాహం. నిండు గర్భిణి ప్రయాణం చేయలేక వీసా గడువు దాటింది. 2016లో బిడ్డ పుడితే నమోదు చేయబోమన్నారు. సంప్రదాయ వివాహానికి చట్టంలో విలువ లేకపోతే ఏమవుతుందో ఈ దేశంలోని భారతీయులకు కొత్తగా చెప్పాలా? క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని 1913లో కేప్ కోర్టు అన్నప్పుడు, ఇక్కడి మన ఆడవాళ్లు సత్యాగ్రహానికి దిగారు.

అధికారి: అది వేరే కాలం. ఇప్పుడు వైద్యం ఎవరు ఆపుతున్నారు? అత్యవసర చికిత్స నిరాకరించకూడదని రాజ్యాంగం 27వ సెక్షన్‌లోనే ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఉచిత వైద్యం 2003 ఆరోగ్య చట్టం ఇచ్చింది. పత్రాలు లేవని పిల్లల్ని బడి నుంచి పంపేయకూడదని 2019లో మఖాండా హైకోర్టు చెప్పింది. అన్నీ అందుతున్నప్పుడు, నేను నమోదులో కఠినంగా ఉంటే ఎవరికి నష్టం?

నర్సు: అందుతున్నాయా? ఒక్కొక్క హక్కు కోసం ఒక్కొక్క కోర్టు మెట్టు ఎక్కితే అందాయి! నా వార్డుకు వచ్చే అవ్వల్ని చూడండి. మనవరాలి ఆరోగ్య పుస్తకం కొంగున కట్టుకొని వస్తారు. ప్రతి టీకాకూ తేదీ, సంతకం ఉంటాయి. అంత పక్కాగా రాసిన పుస్తకం మీ కౌంటరులో మాత్రం చెల్లదు. ఆ పిల్లకు పదహారేళ్లు వచ్చినా గుర్తింపు కార్డు రాదు. రేపు తనకే బిడ్డ పుడితే, నమోదుకు తల్లి గుర్తింపు కార్డు తెమ్మని మీరే అడుగుతారు. ఒక తరం లోటు రెండో తరానికి పాకుతుంది.

అధికారి: విదేశీయుల పిల్లలందరికీ పౌరసత్వం ఇమ్మంటారా?

నర్సు: పౌరసత్వం మాట నేనెత్తలేదు. తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైతే, గుర్తింపు సంఖ్య లేకుండా చేతిరాత పత్రం మీ శాఖే ఇస్తోంది కదా. పేరు, జాతీయత పుట్టుకతోనే ప్రతి బిడ్డ హక్కని రాజ్యాంగం 28వ సెక్షన్ అంటోంది. తల్లిదండ్రుల వీసా చూశాక అనలేదు.

అధికారి: తండ్రికి డీఎన్‌ఏ పరీక్ష పెడితే సరిపోతుందేమో.

నర్సు: ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కూలి చేసుకునే మనిషి దగ్గర అంత డబ్బుండదు. మీకు అనుమానం వస్తే మీ శాఖే చేయించాలి.

అధికారి: అబద్ధమని తర్వాత తేలితే?

నర్సు: తప్పుడు వివరాలిచ్చిన వాళ్లకు జైలుశిక్ష ఆ 1992 చట్టంలోనే ఉంది. తండ్రి మీద కేసు పెట్టండి, రికార్డు సరిదిద్దండి. బిడ్డను ఈ రోజు రాసుకోండి.