తక్కువ తిరిగిన బండి మంచి బండి కాదు

పదిహేనేళ్ల వయసున్న సూపర్ కారు అమ్మకానికి వస్తుంది. ప్రకటనలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది ఒకే సంగతి: ‘తిరిగింది 6 వేల కిలోమీటర్లే’. కొనేవాళ్లు ఎగబడతారు. అదే మోడల్, అదే ఏడాది, 60 వేలు తిరిగిన బండి పక్కనే ఉంటే దాన్ని కన్నెత్తి చూడరు. ఒక్కసారి లెక్క వేయండి. పదిహేనేళ్లకు 6 వేలంటే ఏడాదికి 400, నెలకు 33 కిలోమీటర్లు. ఆ బండి బతుకంతా కవరు కిందే గడిచిందన్నమాట. బయటికి తీసినా చాలాసార్లు ఆయిల్ సరిగా కాగకముందే మళ్లీ లోపలికి చేరి ఉంటుంది. అమ్మేవారు గొప్పగా చూపిస్తున్న ఆ అంకెను అనుమానించాల్సింది పోయి, దానికి అదనంగా డబ్బు ఇస్తున్నాం.

ఇలాంటి కార్ల మాట వస్తే అందరూ అడిగే ప్రశ్న ‘రోజూ నడిపితే తట్టుకుంటాయా?’ అని. నెలల తరబడి నిలబెడితే తట్టుకుంటాయా అని అడిగేవారు అరుదు. కొనాలా వద్దా అన్న మీమాంసలో ఉన్నవారికి ఈ వ్యాసం చెప్పేది సూటిగా ఒక్కటే. పది రోజులకోసారైనా, తీసినప్పుడల్లా 40 నిమిషాలకు తగ్గకుండా నడిపే వీలుంటే కొనండి. ఆ వీలు లేకపోతే ఎంత డబ్బున్నా కొనొద్దు.

కారణం ఇంజిన్‌లోనే ఉంది. పెట్రోలు మండితే నీరు పుడుతుంది, లీటరు పెట్రోలుకు దాదాపు లీటరు నీరు. కాగిన ఇంజిన్‌లో అది ఆవిరై సైలెన్సర్ గుండా పోతుంది. చల్లటి ఇంజిన్‌లో కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. సరిగా మండని పెట్రోలూ దానికి తోడవుతుంది. ఈ రెండూ వదిలిపోవాలంటే ఆయిల్ 90 నుంచి 100 డిగ్రీల వేడి దగ్గర కొంతసేపు నిలవాలి. కూలెంట్ ఐదారు నిమిషాల్లో వేడెక్కుతుంది కానీ ఆయిల్‌కు 15, 20 నిమిషాలు పడుతుంది. ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే, దాని పరిమాణం ఎక్కువగా ఉండే డ్రై సంప్ ఇంజిన్లకు ఇంకాస్త ఎక్కువే. ‘మేం నడపకపోయినా వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచుతాం’ అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. వాళ్లు బండిని కాపాడుతున్నామనే అనుకుంటారు. చేస్తున్నది మాత్రం ఆయిల్‌లోకి నీళ్లు పోయడం. నిలబడి దిగిపోయిన బ్యాటరీ కూడా ఆ పది నిమిషాల్లో పూర్తిగా నిండదు. నడపడం కుదరనప్పుడు ఇంజిన్ జోలికి పోకుండా బ్యాటరీని నిండుగా ఉంచే చార్జర్ (మెయింటెయినర్) తగిలించి వదిలేయడమే మేలు.

రబ్బరు సంగతి ఇంకా ఘోరం. ఇంజిన్ వాల్వులను పిస్టన్లతో లయలో తిప్పే టైమింగ్ బెల్టు తిరిగిన దూరంతోనే కాదు, గడిచిన ఏళ్లతోనూ అరుగుతుంది. ఫెరారీ 348, ఎఫ్355 మోడళ్లలో దాన్ని మార్చాలంటే ఇంజిన్ మొత్తాన్ని కిందికి దించాలి. 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక మూత తీసి మార్చే ఏర్పాటు చేశారు, ఆ తర్వాతి ఎఫ్430లో బెల్టు బదులు చైన్ పెట్టారు. బెల్టున్న బండి 500 కిలోమీటర్లు తిరిగినా 15 వేలు తిరిగినా మూడు నుంచి ఐదేళ్లలోపు బెల్టు, దాని టెన్షనర్ బేరింగులు మార్చాల్సిందే. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజిన్ పోతుంది. క్రాంక్‌షాఫ్ట్ సీళ్లు ఆయిల్ తడి తగలక గట్టిపడి కారడం మొదలుపెడతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులో తేమ పీల్చుకుంటుంది, నెలలు గడిస్తే జిగురుగా మారి ఇంజెక్టర్లకు అడ్డం పడుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా తేమ పీల్చుకుంటుంది. అందుకే బండి కదలకపోయినా రెండేళ్లకోసారి దాన్ని మార్చమంటారు.

టైర్ల దగ్గర అసలు ప్రాణాపాయమే ఉంది. టైరు పక్క గోడమీద డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. తక్కువ తిరిగిన బండికి ఎప్పుడో వచ్చిన టైర్లే ఉంటాయి, ట్రెడ్ నిండుగా కనిపిస్తుంది, కొనేవారు మురిసిపోతారు. ఆరేడేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. వెనక చక్రాలకు 500 హార్స్‌పవర్ అందించే కారులో, తడి రోడ్డు మీద, అలాంటి టైరుతో ఏమవుతుందో వేరే చెప్పాలా? కారు కొన్న రోజునే నాలుగు టైర్లూ మార్చే ఖర్చు బేరంలోంచి కోయించాలి.

రోజువారీ వాడకానికి ఈ తరహా కార్లు పనికిరావన్న మాటకు 1990లోనే జవాబు దొరికింది. ఆ ఏడాది అమ్మకానికొచ్చిన హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ అల్యూమినియం మోనోకాక్ (విడి చాసిస్ లేకుండా బాడీయే బరువు మోసే) నిర్మాణంతో, 8 వేల ఆర్‌పీఎం దాకా వెళ్లే 3 లీటర్ల వీ6 ఇంజిన్‌తో వచ్చినా, మామూలు హోండాలాగే ఉదయం స్టార్ట్ అయ్యేది, చుట్టూ చక్కగా కనిపించేది. మెక్‌లారెన్ ఎఫ్1ను రూపొందించిన గోర్డన్ ముర్రే తన కారుకు దాన్ని కొలమానంగా పెట్టుకున్నారు. ఆ తర్వాత మిగతా కంపెనీలు మారక తప్పలేదు.

ఆ మార్పు అన్నిటికంటే ఎక్కువగా తేలేది గేర్‌బాక్స్ దగ్గర. ఏ కారు కొనాలన్న ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు అక్కడే ఉంది. ఫెరారీ 360, ఎఫ్430ల్లో ఫెరారీ ‘ఎఫ్1’ అని పిలిచిన గేర్‌బాక్స్, లంబోర్గినీ గయార్డోలోని ఈ-గేర్ రెండూ మామూలు క్లచ్‌నే హైడ్రాలిక్ పంపుతో నడిపించే ఏర్పాట్లు. పెడల్ లేదు కాబట్టి ఆటోమేటిక్ అనుకుని ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే క్లచ్ సగం పట్టులో రాసుకుంటూ కాలిపోతుంది. ఎత్తు మీదికి రివర్స్ చేయడం అన్నిటికంటే చేటు. ఒకరి చేతిలో పది వేల కిలోమీటర్లకే అయిపోయిన క్లచ్ మరొకరి చేతిలో దానికి మూడు నాలుగు రెట్లు వస్తుంది. బండి ఆగినప్పుడల్లా న్యూట్రల్ వేయడం, కదిలేటప్పుడు సంకోచించకుండా ఒకే ఊపున ముందుకు పోనివ్వడం, రివర్స్ అవసరం రాకుండా పార్క్ చేయడం, తేడా అంతా ఈ మూడు అలవాట్లది. ఆ ఫెరారీల్లో తలుపు తీయగానే గేర్‌బాక్స్ పంపు ఒత్తిడి నింపుకుంటుంది. ఆ పంపుకు కరెంటు ఇచ్చే రిలే చాలా చవక వస్తువు. అది అతుక్కుపోతే పంపు ఆగకుండా తిరిగి కాలిపోతుంది, పంపు మాత్రం చవక కాదు. తెలిసినవాళ్లు రిలేను పాడవకముందే మార్చేస్తారు. 2009లో ఫెరారీ 458, 2014లో లంబోర్గినీ హురకాన్ డ్యూయల్ క్లచ్‌తో (గేర్లను రెండు క్లచ్‌లు పంచుకునే గేర్‌బాక్స్‌తో) వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. అందులో క్లచ్ పలకలు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, నెమ్మదిగా పాకడాన్ని ఓర్చుకుంటాయి. ట్రాఫిక్ తప్పనివారు డ్యూయల్ క్లచ్ బండి గానీ, పెడల్ ఉన్న మాన్యువల్ గానీ తీసుకోవాలి. మధ్యలో ఉన్న ఆ ఎఫ్1, ఈ-గేర్ తరం జోలికి పోవద్దు.

వెళ్లే దారిని కూడా ముందే కొలవాలి. ఇంటి ర్యాంపు వాలు, దారిలోని స్పీడ్ బ్రేకర్లు, పార్కింగ్ మలుపులు, వీటిలో ముందు బంపరు ఎక్కడ రాసుకుంటుందో కొనకముందు చూసుకోవాలి. ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్ ఉన్న బండికి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. లేకపోతే ర్యాంపును ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించాలి. ఆఫీసు పది నిమిషాల దూరంలో ఉంటే ఈ కారు ఆ ప్రయాణానికి వద్దు, ఆయిల్ లెక్క పైనే చెప్పుకున్నాం. అరగంట దాటితే భేషుగ్గా వాడొచ్చు. ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా 3,500 ఆర్‌పీఎంకు మించకుండా నడిపితే చాలు. ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్ టైర్లే కాదు, మామూలు వేసవి స్పోర్ట్ టైర్లూ 7 డిగ్రీలకు దిగువన పట్టు కోల్పోతాయి, అలాంటి వాతావరణం ఉన్నచోట చలికాలపు టైర్లు వేయించాలి.

కొనేముందు పరీక్షకు ఒకరోజు కేటాయించండి. సిలిండర్‌లో పుట్టే ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్షతో సరిపెట్టకుండా, గాలి నింపి ఎంత కారుతుందో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయించాలి. ప్రతి సిలిండర్‌లో నష్టం పది శాతం లోపుంటే మంచిది, 20 దాటితే వెనక్కి రావాలి. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటి మాత్రం తేడాగా ఉంటే అదీ ప్రమాదమే. క్లచ్ అరుగుదల ఎంతో కంపెనీ స్కానర్‌లో కనిపిస్తుంది, ఆ ప్రింటు అడగండి. పోర్షేలైతే ఇంజిన్‌ను హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో చెప్పే ఓవర్ రెవ్ రికార్డు చదివించండి. 1997 నుంచి 2005 వరకు వచ్చిన మామూలు బాక్‌స్టర్, 911 ఇంజిన్లలో ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ మార్చారా లేదా అడగాలి. అదే కాలపు 911 టర్బో, జీటీ3ల్లో వేరే ఇంజిన్ ఉంటుంది, వాటికి ఈ గొడవ లేదు. ఎఫ్355లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి తీసే గొట్టాల) పగుళ్లు, వాల్వ్ గైడ్ల అరుగుదల చూడాలి. ఎఫ్430లోనూ మానిఫోల్డ్‌ది అదే జబ్బు, అక్కడ విరిగిన ముక్కలు ఇంజిన్‌లోకి వెనక్కి వెళ్లే ముప్పుంది. కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కుల అరుగుదల మందం ఒక్కదానితోనే తెలియదు. చాలా డిస్కుల మీద కనీస బరువు ముద్రించి ఉంటుంది, విప్పి తూకం వేయించాలి. బాగా నడిపించిన 60 వేల కిలోమీటర్ల బండిలో ఈ పనుల్లో చాలావాటికి రసీదులు కనిపిస్తాయి. 6 వేల బండిలో అవన్నీ ఇంకా జరగాల్సి ఉంటాయి, జేబు మాత్రం మీది.

తక్కువ తిరిగిన బండే తర్వాత ఎక్కువ ధరకు అమ్ముడుపోతుంది కదా అంటారు. నిజమే. 106 మాత్రమే తయారైన మెక్‌లారెన్ ఎఫ్1 లాంటివాటికి ఆ వాదన చెల్లుతుంది, వాటిని కొనేది నడపడానికి కాదు. 14 వేలకు పైగా తయారైన గయార్డోను అలా దాచి ఏం సాధిస్తారు? దాచిన ఏళ్ల ఇన్సూరెన్స్, టైర్లు, ఫ్లూయిడ్లు, ఇరుక్కున్న డబ్బు మీద వడ్డీ కలిపి చూస్తే ఆ అదనపు ధర చాలాసార్లు ఆవిరైపోతుంది.

ఖర్చు విషయంలో చాలామంది మునిగేది ఒకే చోట. బండి ధర సగానికి పడిపోయిందని కొంటారు, దాని విడిభాగాల ధర మాత్రం పడదు. పాతదైనా నిర్వహణ బడ్జెట్‌ను కొత్తలో ఉన్న ధరను బట్టి వేసుకోవాలి. ఒక క్లచ్, నాలుగు టైర్లు, ఒక పెద్ద సర్వీసు, ఈ మూడూ ఒకే ఏడాదిలో వచ్చిపడినా అప్పు చేయకుండా కట్టగలిగే డబ్బు పక్కన ఉండాలి. అది లేనివారు ఒక మెట్టు కిందికి దిగి పోర్షే 911 లాంటిది కొంటే రెండు రెట్లు ఎక్కువ నడుపుతారు.

ఇంత చెప్పాక కూడా ఒక అడ్డంకి మిగిలి ఉంది, అది యజమాని చేతిలో లేదు. క్రమం తప్పక నడిపే బండికి దగ్గర్లో ఒక మంచి మెకానిక్ ఉండాలి. క్లచ్ అరుగుదల చదవడానికి, కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో (పట్టు స్థానం) కంప్యూటర్‌కు నేర్పడానికి, కొత్త బ్యాటరీ పెట్టాక మొరాయించే కంప్యూటర్‌ను దారికి తేవడానికి కంపెనీ స్కానర్, దాని పాస్‌వర్డు కావాలి. పాత బండ్లలో చేయి తిరిగిన మనిషి స్పానరుతో చేసే పని ఇప్పుడు అనుమతి అడిగి చేయాల్సిన పనైంది. షోరూమ్ వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే యజమాని భయపడి బండిని మూసిపెడతాడు. కవరు కింద మగ్గుతున్న బండ్లలో కొన్నిటికి కారణం యజమాని పిరికితనం కాదు, ఈ తాళమే.

అందుకే రిపేరు హక్కు (కొన్న వస్తువును నచ్చినవారి చేత బాగుచేయించుకునే హక్కు) కోసం జరుగుతున్న పోరాటాన్ని సూపర్ కార్ల యజమానులు తమది కానట్టు చూడటం అన్యాయం. యూరోపియన్ యూనియన్ 2007లో చేసిన 715 నంబరు నిబంధనలోనే స్వతంత్ర మెకానిక్‌లకు రిపేరు సమాచారం అందాలని రాసింది. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లో ఆ హక్కుకు ఓటేశారు, వైర్‌లెస్‌గా కంపెనీకి చేరే డేటా కూడా యజమానికి అందాలని 2020లో మళ్లీ ఓటేశారు. ట్రాక్టరు కొన్న రైతు, ఫోను కొన్న విద్యార్థి, వీ10 ఇంజిన్ ఉన్న సూపర్ కారు కొన్న ధనవంతుడు ముగ్గురూ ఒకే తలుపు ముందు నిలబడి ఉన్నారు. వీరిలో చట్టసభల్లో మాట చెల్లేది మూడోవాడిదే. అతడు నోరు విప్పకుండా షోరూమ్ బిల్లు కట్టి సరిపెట్టుకున్నంత కాలం మిగతా ఇద్దరి వాదన బలహీనంగానే ఉంటుంది.

కొనబోయేవారు ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. బేరం కుదరకముందు, నచ్చిన మోడల్ పేరు చెప్పి, వంద కిలోమీటర్ల లోపు ఉన్న స్వతంత్ర మెకానిక్‌లకు ఫోన్ చేయండి. స్కానర్ ఉందా, క్లచ్ స్థానం నేర్పగలరా, బెల్టులు ఎన్నిసార్లు మార్చారు అని అడగండి. ఇద్దరైనా అవునంటే బండి చూడటానికి వెళ్లండి. ఒక్కరూ లేకపోతే వాళ్ల చేతికి అందే మోడల్ ఏదో వాళ్లనే అడిగి, దాని కోసం వెతకండి.