వడదెబ్బ లెక్కకెక్కని గుండెపోట్లు

ఎండలు ముదిరితే మన టీవీలన్నీ రెంటచింతల వైపు చూస్తాయి. అక్కడ 45 డిగ్రీలు దాటితే వార్త. విశాఖలో 36 దగ్గర ఆగిపోతే, సముద్రం మనల్ని కాపాడిందని ఊపిరి పీల్చుకుంటాం. కాపాడటం లేదు.

ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందుకు కాదు, పట్టిన చెమట ఆరినందుకు. మన ఊరి తేమలో చెమట ఆరదు, కారుతుంది. అప్పుడు భారమంతా గుండె మీదే. మామూలుగా చర్మానికి నిమిషానికి అర లీటరు రక్తం వెళ్తే ఎక్కువ. విపరీతమైన వేడిలో అది ఆరేడు లీటర్ల దాకా పెరుగుతుంది. అంత రక్తాన్ని తోడటానికి గుండె పరుగెత్తాలి. మరోపక్క ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది, లవణాలు పోయి గుండె లయ తప్పుతుంది. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వేసుకునేవాళ్లకు ఇంకా ప్రమాదం. మాత్ర సొంతంగా మానెయ్యకూడదు, డోసు సంగతి ఎండలు రాకముందే డాక్టరును అడగాలి.

పగటికంటే నాకు రాత్రి భయం. కంచరపాలెంలో మా వీధి చివర రేకుల గదిలో ఓ వాచ్‌మన్ ఉండేవాడు. మేలో ఓ రాత్రి పదకొండుకు ఆ గది గోడకు చెయ్యి ఆనిస్తే, దించిన అట్లపెనంలా ఇంకా వేడిగా ఉంది. 'రేతిరి కునుకు పడతనేదు బాబూ' అన్నాడు. వారం తిరక్కుండా తెల్లవారుజామున పోయాడు. కాగితం మీద గుండెపోటని రాశారు. అబద్ధం కాదు. కానీ ఆ గది సంగతి ఏ కాగితంలోనూ లేదు.

వాళ్లకు ముందే జబ్బుందిగా, ఎండను అంటే ఎలా అంటారు కొందరు. జబ్బున్న గుండెనే కదా వేడి ముందు పట్టుకునేది! అహ్మదాబాద్ ఇలా సరిపెట్టుకోలేదు. 2010 మేలో అక్కడ అన్ని కారణాల మరణాలనూ లెక్కగట్టి మామూలు సంవత్సరాలతో పోలిస్తే, 1,344 ఎక్కువ తేలాయి. 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక పుట్టింది ఆ లెక్కలోంచే. తీరప్రాంతంలో వడగాలి ప్రకటించాలంటే కనీసం 37 డిగ్రీలు ఉండాలి, మామూలుకంటే నాలుగున్నర ఎక్కువుండాలి. ఉక్కపోతతో ఊపిరాడని రోజులు చాలావరకు ఈ గీత కిందే ఉండిపోతాయి. అందుకే మన నగరపాలక సంస్థ జీవీఎంసీ రోజువారీ మరణాలన్నీ, రాత్రి ఉష్ణోగ్రతా, గాలిలో తేమా పక్కపక్కన పెట్టి ప్రతి వేసవీ బయటపెట్టాలి.

ఇక నీడ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో ఊరి చెట్లను పెళ్లగించేసింది. మళ్లీ నాటామన్నారు. డివైడర్ల మీద పూలమొక్కలు కనిపిస్తున్నాయి, బాగున్నాయి. కానీ మనిషి కింద నిలబడే వేప, కానుగ, రావి ఏవి? మధ్యాహ్నం రెండింటికి జగదాంబ జంక్షన్‌కి వెళ్లి చూడండి. బస్సు కోసం వచ్చినవాళ్లు కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు వరసకట్టి నిలబడి ఉంటారు.