వినకుండానే అర్థమైందంటే ఎలా?

‘మీ ఆవేదన అర్థమైంది, కానీ...’ మత విశ్వాసాలు మొదలు ఓటు దాకా, విభేదాలు ముదిరిన చోటల్లా ఇప్పుడు ఇదే మాట. ఎదుటిపక్షాన్ని పిలిచి కూర్చోబెట్టడం, తల ఊపడం, ముందే రాసిపెట్టుకున్న నిర్ణయం చదివి పంపేయడం. దీన్ని సహానుభూతి అనడం మోసం. మనిషి నోరు తెరవకముందే అర్థమైపోయిందంటే అర్థం చేసుకునే ఉద్దేశమే లేదన్నమాట.

అన్యాయాన్ని సమర్థించేవారి మాట వినడమే తప్పని వాదించేవారున్నారు. బెదిరింపులనూ దూషణలనూ భరించమని ఎవరూ అనడం లేదు. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు.

పద్ధతి తెలియక కాదు ఈ నటన. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1951లోనే దారి చూపారు: ఎదుటివారి ఆలోచననూ, దాని వెనకున్న భావాన్నీ వారికి తృప్తి కలిగేలా తిరిగి చెప్పాకే మన వాదన ఎత్తుకోవాలి. తృప్తి ‘వారికి’ కలగాలి, మనకు కాదు. వారి మాటల్నే అప్పజెబితే వెక్కిరించినట్టుంటుంది. సొంత మాటల్లో, రెండు వాక్యాల్లో చెప్పి ‘ఇంతేనా, ఏమైనా వదిలేశానా?’ అనడగాలి. ‘కాదు’ అంటే మళ్లీ మొదటికి రావాలి. వారి వాదనలో గట్టి ముక్క వదిలేసి బలహీనమైనదాన్ని పట్టుకోవడం దగ్గరే చాలామంది దొరికిపోతారు.

‘ఎందుకలా నమ్ముతున్నారు?’ అంటే సంజాయిషీ అడిగినట్టే. ‘ఈ అభిప్రాయం ఎప్పటినుంచి? ఏం జరిగింది?’ అంటే అనుభవం బయటికొస్తుంది. 2016లో పరిశోధకులు బ్రూక్‌మన్, కల్లా ప్రచురించిన అమెరికాలోని మయామీ అధ్యయనంలో ఇంటి గుమ్మంలో జరిగిన సుమారు 10 నిమిషాల సంభాషణతో ట్రాన్స్‌జెండర్ల పట్ల విముఖత తగ్గింది, ఆ మార్పు కనీసం 3 నెలలు నిలిచింది. ఇంటికి వెళ్లినవారు ‘మిమ్మల్ని వేరుగా చూసి నొప్పించిన సందర్భం ఉందా’ అని అడిగి, తప్పుపట్టకుండా విన్నారు. తర్వాతి ప్రయోగాల్లో ఈ అనుభవాల కలబోత తీసేసి వాదన ఒక్కటే ఉంచితే ఫలితం కనబడలేదు.

ఇక ఆ ‘కానీ’. ‘మీరన్నది నిజమే కానీ’ అనగానే ఆ ‘నిజమే’ చెరిగిపోతుంది, వినేవారికి వెనకాల వచ్చేదే మిగులుతుంది. ‘నిజమే’ దగ్గర వాక్యం ముగించి ఆగాలి. ఎంతవరకు నిజమో చెప్పాలి. విభేదం తర్వాతి వాక్యంలో, ‘నా భయం ఇది’ అంటూ సూటిగా రావాలి.

చర్చకు పిలిచే పెద్దలారా, నిర్ణయం ముందే అయిపోయి ఉంటే ఆ సంగతి ముఖం మీదే చెప్పండి. జనం సమయం తిని, వారి కన్నీళ్లు చూసి, ‘సంప్రదింపులు జరిపాం’ అని రికార్డుల్లో రాసుకోకండి.