ఖాళీ హోటల్ లెక్క వేరు, కన్వెన్షన్ హాలు లెక్క వేరు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, మిసిసిపీ నది ఒడ్డున 630 అడుగుల ఎత్తు ఆర్చ్ ఉంది. దాని చుట్టూ ఉన్న పార్కును 38 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 2018 నాటికి కొత్తగా తీర్చిదిద్దారు. ఆ పార్కుకు ఎదురుగానే 780 గదుల మిలీనియం హోటల్ ఉండేది. 1968లో తెరిచిన గుండ్రటి టవర్, పైన తిరిగే రెస్టారెంటు, కిటికీలోంచి చూస్తే ఆర్చ్. హోటల్‌కు ఇంతకన్నా మంచి చోటు ఆ ఊళ్లో దొరకదు. అయినా 2014 జనవరిలో అది మూతపడింది. పదేళ్లు దాటినా తాళం తీసినవాడు లేడు. ఇప్పుడు దాన్ని కూల్చేసి, కార్డిష్ అనే బాల్టిమోర్ కంపెనీతో సుమారు 67 కోట్ల డాలర్ల ఖర్చుతో కొత్త కట్టడాలు లేపించాలన్నది ప్రణాళిక. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉన్న కన్వెన్షన్ సెంటర్ 'అమెరికాస్ సెంటర్' విస్తరణ కొన్నేళ్లుగా సాగుతోంది.

మనవాళ్లలో చాలామందికి ఆ హాలు తెలుసు. 2017 మేలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 21వ మహాసభలు జరిగింది అందులోనే. అప్పటికే మిలీనియం మూతపడి మూడేళ్లు దాటింది.

ఖాళీ హోటల్‌ను బాగుచెయ్యడం, హాలు పెంచడం, ఈ రెండు పనులనూ ఒకే ఊపిరిలో చెప్పడం రాజకీయ నాయకులకు అలవాటు. హాలు పెరిగితే సభలు వస్తాయి, సభలు వస్తే గదులు కావాలి, గదులు కావాలంటే ఖాళీ హోటల్ బాగుపడుతుంది, డౌన్‌టౌన్ కళకళలాడుతుంది. వినడానికి బాగుంది. నా అభిప్రాయంలో మాత్రం ఈ రెండింటినీ ఒకే ఫైల్లో పెట్టడమే అసలు తప్పు. అలా పెడితే హాలు అంచనాలు రాసేవాళ్లు హోటల్ వచ్చేస్తుందని రాస్తారు, హోటల్ అంచనాలు రాసేవాళ్లు హాలు నిండిపోతుందని రాస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. రెండూ తప్పినప్పుడు బిల్లు కట్టేది నగరం.

ఇది ఊహ కాదు. సెయింట్ లూయిస్‌లోనే ఒకసారి జరిగింది. కన్వెన్షన్ సెంటర్‌కు రోడ్డు అవతల, వాషింగ్టన్ అవెన్యూ మీద 1917లో కట్టిన స్టాట్లర్ హోటల్ ఉంది. ఒకప్పుడు ఊరంతటికీ గొప్ప హోటల్. 1980ల్లో మూతపడి, ఏళ్లకేళ్లు ఖాళీగా పడి ఉంది. 1993లో కన్వెన్షన్ సెంటర్‌ను పెంచారు. 1995లో దానికి ఆనుకుని ఫుట్‌బాల్ డోమ్ కూడా కట్టారు. అయినా సభలు అనుకున్నంత రాలేదు. పెద్ద హోటల్ లేకపోవడమే కారణమన్నారు. సభలు పెట్టే ప్లానర్లు అడిగేది 'హెడ్‌క్వార్టర్స్ హోటల్' అని, అంటే ఒకే కప్పు కింద కనీసం ఐదారు వందల గదులు కావాలని, అది లేకపోతే మన ఊరు లిస్టులోకే ఎక్కదని వాదించారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు.

సరే, స్టాట్లర్‌నూ, పక్కనే ఉన్న లెనాక్స్ హోటల్‌నూ కలిపి వెయ్యికి పైగా గదులతో 26 కోట్ల డాలర్లు దాటిన ఖర్చుతో బాగుచేశారు. రెనెసాన్స్ గ్రాండ్ పేరుతో 2003లో తెరిచారు. డబ్బు ఎలా వచ్చిందో చూస్తే ఈ వ్యవహారం అర్థమవుతుంది. పాత కట్టడాలకు ఇచ్చే ట్యాక్స్ క్రెడిట్లు కొంత, 9.8 కోట్ల డాలర్ల బాండ్లు, వాటిమీద కేంద్ర గృహనిర్మాణ శాఖ ద్వారా నగరం తెచ్చిన 5 కోట్ల డాలర్ల అప్పు. సొంత జేబులోంచి పెట్టి, పోతే పోయిందనుకునే పెట్టుబడిదారు ఆ లెక్కలో చాలా చిన్నవాడు. గదులు అంచనా వేసినంతగా నిండలేదు. మాంద్యం వచ్చింది. 2009లో బాండ్లు కొన్నవాళ్లే హోటల్‌ను స్వాధీనం చేసుకున్నారు. నగరం తెచ్చిన అప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. పేద బస్తీల కోసం కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చే గ్రాంట్లలోంచి వాయిదాలు కడుతూ వచ్చారు. పగిలిన కాలిబాటలకో, కూలుతున్న ఇళ్లకో వాడాల్సిన డబ్బు అది.

ఆ హోటల్ ఇప్పుడు మారియట్ పేరుతో చక్కగానే నడుస్తోంది. కట్టడం బతికింది, అది మంచిదే. చేతులు మారి, పాత అప్పు నెత్తిమీంచి దిగాకే కుదురుకుందన్నది మాత్రం మర్చిపోకూడదు. అప్పట్లో హోటల్‌ను హాలు లెక్కతో ముడిపెట్టకుండా, ఈ పాత భవనాన్ని ఏం చేస్తే తన కాళ్లమీద తాను నిలబడుతుందని విడిగా అడిగి ఉంటే? అందులో సగం అపార్ట్‌మెంట్లు అయ్యేవేమో. గదులు వెయ్యి కాకుండా నాలుగు వందలు ఉండేవేమో. అప్పు కూడా ఆ మేరకు తగ్గేది.

హోటల్ బతికేది సభలు జరిగే రోజుల మీద కాదు. జనవరి నెలలో ఒక మామూలు మంగళవారం రాత్రి ఎన్ని గదులు నిండాయన్న దాని మీద. చుట్టూ ఆఫీసులుంటే, వాటికి పనిమీద వచ్చేవాళ్లుంటే ఆ రాత్రి గడుస్తుంది. సెయింట్ లూయిస్ డౌన్‌టౌన్‌లో జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. 1950లో ఎనిమిదిన్నర లక్షలున్న నగర జనాభా 2020కి మూడు లక్షలకు దిగింది. 2006లో 20.5 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన 44 అంతస్తుల ఏటీ అండ్ టీ టవర్ 2024లో 36 లక్షల డాలర్లకు పోయింది. మన హైదరాబాద్‌లో ఒక మంచి గేటెడ్ కమ్యూనిటీలో నాలుగైదు విల్లాల ధర అంటే నమ్మబుద్ధి కాదు. ఇలాంటి చోట హాలు ఎంత పెంచినా మంగళవారం రాత్రి మారదు.

హైదరాబాద్ మాటెత్తాం కాబట్టి అక్కడి కన్వెన్షన్ సెంటర్ హెచ్‌ఐసీసీ గురించి కూడా. అక్కడ హాలూ నోవోటెల్ హోటలూ ఒకే ప్రాంగణంలో, ఒకేసారి 2006లో మొదలయ్యాయి. ముడిపెట్టినా నడిచింది కదా అని ఎవరైనా అడగొచ్చు. నడిచింది, ఎందుకంటే చుట్టూ ఐటీ కంపెనీలు లేచాయి, పైగా మన పెళ్లిళ్లున్నాయి. ఆ హోటల్ నిండటానికి పెద్ద సభలే దిక్కు కాలేదు.

ఇక హాలు సంగతి. కన్వెన్షన్ సెంటర్ అద్దెల మీద లాభం చేసుకోవడానికి కట్టేది కాదు. అద్దె తగ్గించి, కొన్నిసార్లు దాదాపు వదిలేసి కూడా సభను రప్పిస్తారు. వచ్చినవాళ్లు హోటళ్లలో దిగుతారు, రూమ్ మీద పన్ను కడతారు, ఆ పన్నుతో హాలు అప్పు తీరుస్తారు. అందుకే బేరంలో మొదటి ప్రశ్న జనం ఎంతమంది అని కాదు, 'రూమ్ నైట్స్' ఎన్ని అని, అంటే ఎన్ని గదులు ఎన్ని రాత్రులు తీసుకుంటారని. తెలుగు సంఘాల మహాసభలు పెట్టేవాళ్లకు ఈ టెన్షన్ బాగా తెలుసు. హోటల్‌తో రూమ్ బ్లాక్ ఒప్పందం రాసుకుంటారు, ఆ గదులు నిండకపోతే తేడా సంఘమే కట్టుకోవాలి. మన జనమేమో సగం మంది చుట్టాల ఇళ్లలో దిగుతారు, మిగతావాళ్లలో కొందరు పక్క వీధిలో ఇరవై డాలర్లు తక్కువని ఇంకో హోటల్‌కు పోతారు. మన సభలు ఎక్కువగా మెమోరియల్ డే, జులై 4 సెలవుల్లో పడటం కూడా ఊరికే కాదు. బిజినెస్ ప్రయాణికులు లేక హోటళ్లు వెలవెలబోయే వారాంతాలవి, రేట్లు దిగుతాయి. తానా 2015లో డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లోని కోబో సెంటర్‌లో సభలు పెట్టింది. 2025లో అదే ప్రాంతానికి మళ్లీ వెళ్లినప్పుడు మాత్రం శివారు ఊరు నోవైలో పెట్టింది. ఒక్క ఉదాహరణతో ఏదీ తేలదు, కానీ డౌన్‌టౌన్ హాలుకు పోటీ పక్క రాష్ట్రం నుంచే కాదు, పక్క శివారు నుంచి కూడా ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

టెక్సస్ ప్రొఫెసర్ హేవుడ్ శాండర్స్ ఇరవై ఏళ్ల కిందటే, 2005లో, బ్రూకింగ్స్ సంస్థ కోసం లెక్కలు తీసి చూపించారు. 1990 తర్వాత దేశంలో ఎగ్జిబిషన్ స్థలం సగానికి పైగా పెరిగింది. అతిపెద్ద 200 ట్రేడ్ షోలకు వచ్చే జనం మాత్రం 1993 నాటి స్థాయిలోనే ఉన్నారు. వచ్చే జనం పెరగలేదు, వాళ్ల కోసం కొట్టుకునే ఊళ్లు పెరిగాయి. ఆ తర్వాత కూడా కట్టడం ఎవరూ ఆపలేదు. 2013లో నాష్‌విల్ భారీ సెంటర్ తెరిచింది. ఇండియానాపోలిస్ హాలును పెంచుతూ పక్కనే 800 గదుల సిగ్నియా హోటల్ కడుతోంది. ఆ హోటల్‌కు మొదట అనుకున్న ప్రైవేటు డెవలపర్‌కు ఫైనాన్స్ కుదరక నగరమే బాండ్లతో ముందుకొచ్చింది. సభల వ్యాపారంలో ఆరితేరిన ఇండియానాపోలిస్‌లోనే బ్యాంకులు వెనకాడాయంటే మిగతా ఊళ్లు ఒకసారి ఆగి ఆలోచించాలి.

అయితే విస్తరణంతా దండగ అనను. అమెరికాస్ సెంటర్‌లో అసలు భాగం 1977 నాటిది. ట్రక్కులు వెనక్కొచ్చి సరుకు దించే లోడింగ్ డాక్‌లు చాలకపోతే, ఎగ్జిబిషన్ హాలు మధ్యలో తెగిపోతే, ఏటా వచ్చే పాత కస్టమర్లే ఇంకో ఊరు చూసుకుంటారు. కొత్తవాళ్లను తెస్తామని కాకుండా ఉన్నవాళ్లను నిలబెట్టుకుంటామని చెప్పి ఉంటే నేనైతే వెంటనే ఒప్పుకునేవాణ్ణి. ఖర్చు కూడా మొదట 17.5 కోట్ల డాలర్లు అన్నది తర్వాత 21 కోట్లయింది, ఆపైన ఇంకా పెరిగింది. నగరం, కౌంటీ చెరో సగం అనుకున్నారు. ఈ రెండూ 1876లోనే విడిపోయిన ప్రభుత్వాలు. నార్త్ కౌంటీలో ఒక రిక్రియేషన్ సెంటర్ సంగతి తేలాలని కౌంటీ కౌన్సిల్ తన వాటాను చాలాకాలం ఆపి ఉంచింది. నగరంలో దాన్ని బ్లాక్‌మెయిల్ అన్నారు. నాకలా అనిపించలేదు. డౌన్‌టౌన్ హాలుకు పన్ను కట్టే దూరపు బస్తీవాళ్లు తమకేంటని అడిగారు, అంతే. రామ్స్ ఫుట్‌బాల్ జట్టు ఊరు వదిలి వెళ్లిపోయిన కేసులో 2021లో 79 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ వచ్చింది, అందులోంచి 3 కోట్లు కూడా ఈ హాలుకే మళ్లాయి. ఆ జట్టు కోసం కట్టిన డోమ్‌కు రాష్ట్రం, నగరం, కౌంటీ కలిసి ఏటా 2.4 కోట్ల డాలర్లు కట్టాయి. జట్టు 2016లో లాస్ ఏంజెలస్ పోయింది, వాయిదాలు మరో ఐదారేళ్లు సాగాయి.

మిలీనియం విషయంలో మాత్రం ఈసారి నగరం తెలివిగా నడిచిందనే నా అంచనా. బలవంతపు సేకరణ అధికారం వాడతామనే దాకా వెళ్లింది. ఆర్చ్ పార్కు చూసుకునే ఫౌండేషన్ ముందుకొచ్చింది. స్థలం పాత యజమాని చేతిలోంచి వచ్చింది. పాత 780 గదులను తిరిగి తెరవాలని, దాన్ని కన్వెన్షన్ హోటల్ చెయ్యాలని పట్టుబట్టలేదు. ఇళ్లు, ఆఫీసులు, షాపులు, రెస్టారెంట్లు అన్నారు. ఖాళీ భవనాన్ని కూల్చి, యాజమాన్యం చిక్కు విప్పి, నేలను శుభ్రంగా అప్పగించడం ప్రభుత్వం చెయ్యదగ్గ పని. గదులు నిండుతాయని హామీ పడటం దాని పని కాదు.

నాకు అనుమానం ఉన్నది అందులోని ఆఫీసుల మీద. ఏటీ అండ్ టీ టవర్ 36 లక్షలకు పోయిన ఊళ్లో కొత్త ఆఫీసు అంతస్తులెవరు తీసుకుంటారు? పక్క టవర్ ఖాళీ చేసి ఇటు మారే లా ఫర్మ్‌లే తీసుకుంటే ఒక తాళం తీసి ఇంకో తాళం వేసినట్టే. కాబట్టి నగరం ఇచ్చే పన్ను రాయితీలను విడతలుగా ఇవ్వాలి. ముందు అపార్ట్‌మెంట్లు కట్టి, జనం దిగాకే మిగతా రాయితీ. పెద్ద హాలుకు ఇంకో హెడ్‌క్వార్టర్స్ హోటల్ కావాలని రేపు ఎవరైనా వస్తే, మీ బ్యాంకు ఎంత ఇస్తోంది, నగరం గ్యారంటీ లేకుండా ఇస్తోందా అని ముందు అడగాలి. ఆ కాగితం చేతికి రాకముందు కౌన్సిల్‌లో ఓటింగే పెట్టకూడదు.