పిలిస్తే రావు, పొమ్మంటే పోవు: కునుకమ్మకు ఓ ఉత్తరం

కునుకమ్మకు,

ఉభయకుశలోపరి. మీ అక్క నిద్రమ్మ మీద నాకు పెద్దగా ఫిర్యాదులేం లేవు. అప్పుడప్పుడు ఆలస్యం చేసినా ఆవిడకు ఒక వేళంటూ ఉంది. నా గొడవంతా నీతోనే. నువ్వొచ్చే సమయాలు చూస్తుంటే, నలుగురిలో నా పరువు తీయాలని పంతం పట్టినట్టుంది.

మొదటి నుంచీ చెప్పుకొస్తాను. పుట్టిన కొత్తలో మీ అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నన్ను రోజుకు 14 నుంచి 17 గంటలు మీ దగ్గరే ఉంచేసుకుని ఉంటారు. ఏ పసిబిడ్డ లెక్కయినా ఇంచుమించు అంతే కాబట్టి దీన్ని నా బద్ధకం ఖాతాలో రాయొద్దు. అప్పుడు నేను పడుకుంటే ఇల్లంతా సంబరం. గొంతులు తగ్గేవి, తలుపులు చప్పుడు లేకుండా మూసుకునేవి. "ఇప్పుడే పడుకున్నాడు" అని చెప్పుకోవడంలో ఎంత గర్వం! ఇప్పుడూ నా గురించి ఇంట్లో అదే మాట అంటున్నారు. గర్వం మాత్రం ఎక్కడా వినిపించడం లేదు.

ఆ రాజభోగాన్ని నేనే కాలదన్నుకున్నాను. మూడు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు పగటి నిద్ర మానేస్తారు. మర్యాదగా మానేస్తారనుకునేవు, అదో యుద్ధం. మా అమ్మాయికి ఇప్పుడు నాలుగేళ్ళు. కళ్ళు నులుముకుంటుంది, ఆవులిస్తుంది, చేతిలో బొమ్మ జారిపోతుంటుంది, అయినా "నాకు నిద్ర రావట్లేదూ" అని రాగం తీస్తుంది. ఆ రాగం మధ్యలోనే పక్కకి ఒరిగిపోతుంది. ఆ వయసులో నేనెన్ని మధ్యాహ్నాలు ఇలా ఏడ్చి తగలేశానో! వాటిని ఎక్కడైనా దాచుకునే వీలుంటే ఈ పాటికి వడ్డీ మీద బతికేవాణ్ణి.

చదువుకునే రోజుల్లో నువ్వు చేసిన ద్రోహానికి రాతపూర్వక సాక్ష్యమే ఉంది. మొన్న పాత నోట్సు ఒకటి దొరికింది. పేజీ పైన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఐదో లైనుకి కాస్త వంగాయి. ఏడో లైనులో ఒక ఒత్తు బయల్దేరి, గీతగా మారి, మార్జిన్ దాటి పేజీ కింద దాకా జారిపోయింది. అంటే నువ్వొచ్చిన క్షణం, సిరాతో సహా, అక్కడే ఉంది. ఆ గీత తర్వాత పాఠం ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఉద్యోగంలో చేరాక నువ్వు నేరమైపోయావు. మధ్యాహ్నం రెండింటికి నా తల ముందుకు తూగితే "భోజనం దండిగా పడినట్టుంది" అంటారు. పాపం భోజనం! తినకపోయినా ఆ వేళకి ఒంట్లో చురుకు తగ్గుతుందని, అది లోపలి గడియారం పనని ఎవరికి చెప్పేది? పొద్దున లేచినప్పటి నుంచి మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది, దాంతో మత్తు పెరుగుతుంది. కాఫీ దాన్ని తీసెయ్యదు, అది కూర్చోవాల్సిన కుర్చీలో తను కూర్చుంటుంది, అంతే. కాఫీ లేవగానే అసలు మనిషి వచ్చి కూర్చుంటాడు. ఇంత చక్కని సంజాయిషీ నా దగ్గరున్నా, మీటింగ్‌లో మెడ జారి ఉలిక్కిపడి లేచినప్పుడు నోట్లోంచి వచ్చింది మాత్రం "అవునండీ, కరెక్టే" అనే. దేనికి అవునన్నానో తెలియదు. ఆ పని తర్వాత మూడు నెలలు నేనే చేశాను.

నీ పరపతి చూస్తే మాత్రం ఆశ్చర్యమేస్తుంది. 1994లో వచ్చిన నాసా నివేదిక ఒకటుంది. దూరప్రయాణపు విమానాల్లో పైలట్లకు, మిగతావాళ్ళు నడుపుతుండగా, వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇచ్చారు. వాళ్ళు సగటున 26 నిమిషాలు నిద్రపోయి, ఆ అవకాశం దొరకనివాళ్ళకంటే చురుగ్గా విమానం దింపారు. వందల ప్రాణాలు చేతిలో ఉన్నవాళ్ళు పడుకోవచ్చట. ఓ ఎక్సెల్ షీటు చేతిలో ఉన్న నేను పడుకోకూడదు. అరగంట ఫోన్లో బొమ్మలు జరుపుకుంటూ కూర్చుంటే ఎవరూ అడగరు, పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుంటే మాత్రం ఒంట్లో బాగాలేదా అని పరామర్శ. నిద్ర దండగ అని ఈసడించిన ఎడిసన్ కూడా తన లైబ్రరీలో ఓ మంచం వేయించుకున్నాడు. బల్బు వెలిగించి ఊరందరి రాత్రినీ పొడిగించిన మనిషి, పగలు మాత్రం నీతో రహస్యంగా రాజీ పడ్డాడు.

పోనీ సెలవు రోజున మర్యాదగా పిలిస్తే ఎలా వస్తావు? ఇరవై నిమిషాలకని వచ్చి, చెప్పా పెట్టకుండా మీ అక్కని కూడా వెంటబెట్టుకొస్తావు. రెండు గంటల తర్వాత లేస్తే బయట మసక వెలుతురు. పొద్దునో సాయంత్రమో తెలియదు, నోరు ఎండిపోయి ఉంటుంది, ఒక చెయ్యి మనది కాదు. ఓసారి ఆ తిమ్మిరిలో బ్రష్షు మీద పేస్టు కూడా వేసుకున్నాను. గాఢనిద్రలోంచి లేస్తే మెదడు తేరుకోవడానికి టైం పడుతుందట. అది చదివి తెలుసుకునేలోగా మా ఆవిడ ఆ బ్రష్షు కథ బంధువులందరికీ చెప్పేసింది.

ఇక మా నాన్నగారి సంగతి. ఆయనకు 76. ఇప్పుడు నువ్వు పిలవకుండానే ఆయన దగ్గరికి రోజుకు మూడుసార్లు వస్తావు. రాత్రి నిద్ర పలచబడిన వయసులో పగటి కునుకు తిరిగి చేరువవడం మామూలే. కానీ ఆయన ఒప్పుకోరు. పేపరు మొహం మీద కప్పుకుని, గురక పేపరును లేపి దించుతుంటే టీవీ కట్టేయబోతాను. "ఉంచరా, చూస్తున్నాను" అంటారు. పడుకున్నారు కదా అంటే, "లేదు, ఊరికే కళ్ళు మూసుకున్నానంతే." ఈ మాట మీద ఇరవై ఏళ్ళుగా నవ్వుతున్నాను.

మొన్న ఆదివారం అమ్మాయిని పడుకోబెట్టడానికి పక్కన పడుకుని జోకొట్టడం మొదలుపెట్టాను. జోకొట్టే చెయ్యి ఎప్పుడు ఆగిందో గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి పిల్ల పక్కలో లేదు. హాల్లోకి వచ్చాను. నాన్నగారి కుర్చీ పక్కన కూర్చుని రంగులు వేసుకుంటోంది. ఇద్దరూ మెలకువగానే ఉన్నారు.

"తాతా, నాన్న పడుకుని లేచాడు" అంది.

"లేదమ్మా, ఊరికే కళ్ళు మూసుకున్నాను" అన్నాను.

"నోరు తెరిచావుగా మరి!"

నాన్నగారు పేపరు కాస్త కిందికి దించి, నా చెంప మీది దిండు గీతలకేసి ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. మళ్ళీ పేపరు పైకెత్తుకున్నారు, పేపరు మాత్రం చాలాసేపు అలా ఊగుతూనే ఉంది.

ఇట్లు,
నీ బాధితుడు
(వచ్చే ఆదివారం రెండింటికి ఖాళీగానే ఉంటాను)