సామస్‌కు ఒకరి అనుమతా?

నింటెండో 1986లో జపాన్‌లో విడుదల చేసిన ‘మెట్రాయిడ్’ గేమ్‌ను 5 గంటల లోపు ముగించినవారికి చివర్లో ఓ వింత ఎదురైంది. అంతసేపూ తాము ఆడించిన కవచధారి శిరస్త్రాణం తీస్తే, లోపల ఉన్నది ఓ అమ్మాయి. పేరు సామస్ అరాన్. గేమ్‌తో పాటు ఇచ్చిన ఇంగ్లిష్ పుస్తకంలో కూడా ఆమెను ‘అతడు’ అనే రాశారు కాబట్టి ఎవరూ ఊహించలేదు. ఇంకా త్వరగా ముగించినవారికి బహుమతిగా ఆమె ఒంటి మీద బట్టలు తగ్గించి చూపడం ఆనాటి తయారీదారుల చపలబుద్ధి. ఆ మచ్చ ఉండనే ఉంది. అయినా వీడియో గేమ్‌లలో ఆడవాళ్లంటే కోటలో బందీగా కూర్చునే రాకుమార్తెలే అనుకునే రోజుల్లో సామస్ ఒంటరిగా ఓ గ్రహానికి వెళ్లి పని ముగించుకొచ్చింది. అమెరికా, జపాన్‌లలో ఓ తరం ఆమెను గుండెల్లో పెట్టుకుంది.

అదే సామస్ 2010లో నింటెండో వారి వీ (Wii) కన్సోల్ మీద వచ్చిన ‘మెట్రాయిడ్: అదర్ ఎమ్’లో అభిమానుల గుండె విరిచింది. మొదటి గేమ్ నుంచీ ఈ సిరీస్‌లో ఉన్న యోషియో సకమోటోనే కథ రాశారు. నింటెండోతో కలిసి టీమ్ నింజా అనే గేమ్ స్టూడియో దాన్ని తయారు చేసింది. సామస్ నోరు తెరిచి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. పదిహేనేళ్లు దాటినా అభిమానుల కోపం చల్లారలేదంటే దాన్ని కుర్రతనం కింద కొట్టిపారేయలేం.

వారి ఫిర్యాదు ఏమిటో దగ్గర నుంచి చూడాలి. మిగతా మెట్రాయిడ్ గేమ్‌లలో ఎక్కువగా సామస్ ఆయుధాలను ఒక్కొక్కటిగా వెతికి సంపాదించుకుంటుంది. ఇందులో దాదాపు అన్నీ ఆమె దగ్గరే ఉంటాయి. కానీ పాత కమాండర్ ఆడమ్ మాల్కోవిచ్ ఒప్పుకునేదాకా వాడనని మాటిస్తుంది. బాంబుల మీద ఆంక్షలు పెట్టారంటే అర్థం ఉంది, కథ జరిగే అంతరిక్ష నౌకలో బతికున్నవాళ్లు ఉండొచ్చు. వేడిని తట్టుకునే వేరియా సూట్ ఎవరికి హాని చేస్తుంది? లావా పొగలు కక్కే భాగంలో ఆమె ఒళ్లు కాలుతూ పరుగెడుతుంటుంది, శక్తి అంకె తరిగిపోతుంటుంది. ఆడమ్ తీరిగ్గా తర్వాతెప్పుడో పర్మిషన్ ఇస్తాడు. ఆజ్ఞ ఇచ్చినవాడు నిర్దయుడిగా, పాటించినది తెలివితక్కువదిగా మిగిలారు. రచయితకు ఈ రెండూ పట్టినట్టు లేదు.

రెండోది రిడ్లీ ఘట్టం. చిన్నప్పుడు ఆమె తల్లిదండ్రులను పొట్టనపెట్టుకున్న రాక్షసి ఎదురుపడగానే సామస్ కొయ్యబారిపోతుంది. ఆమె చోట తెర మీద ఏడుస్తున్న చిన్నపిల్ల కనిపిస్తుంది. చివరికి ఆమెను ‘ప్రిన్సెస్’ అని పిలిచే పాత సహచర సైనికుడు ఆంథొనీ వచ్చి కాపాడాలి. భయపడటం తప్పని ఎవరూ అనడం లేదు. జపాన్‌లో వచ్చిన మాంగా (బొమ్మల) కథలో ఈ పాత గాయం ప్రస్తావన ఉంది కూడా. ఆ దేశం బయట ఆడేవారిలో ఎక్కువమంది దాన్ని చదవలేదు. వాళ్లకు తెలిసిందల్లా తమ చేతుల మీదుగా జరిగిందే. 1986లో రిడ్లీని చంపారు, 1994 నాటి ‘సూపర్ మెట్రాయిడ్’లో మళ్లీ చంపారు. ‘అదర్ ఎమ్’ కథ సరిగ్గా దాని తర్వాతే మొదలవుతుంది. అన్నిసార్లు లేని వణుకు ఇప్పుడెందుకొచ్చిందో చెప్పాల్సిన బాధ్యత కథ రాసినవారిదే.

ఇంటర్వెల్ దాకా రౌడీలను చితక్కొట్టిన కథానాయిక, క్లైమాక్స్‌లో కుర్చీకి కట్టేస్తే హీరో కోసం ఎదురుచూడటం మన సినిమాలకూ కొత్త కాదు. ప్రేక్షకుడు విసుక్కుని ఇంటికెళ్తాడు. గేమ్‌లో ఆ రౌడీలను కొట్టింది ఆడేవాడి బొటనవేళ్లే. సామస్ ధైర్యం ఇలాంటిదని ఎవరూ సంభాషణల్లో చెప్పలేదు. ఆమె మౌనంగా నడిచిన చీకటి గుహల్లో ఆడేవాళ్లే దాన్ని పోగుచేసుకున్నారు. పాత్రను సృష్టించినవారికి మార్చే హక్కు ఉంది, కాదనం. కానీ ఆ పాత్రలో సగం ఎక్కడ తయారైందో సృష్టికర్త మరిచిపోతే ఇలాగే అవుతుంది.

అభిమానుల ప్రతి గోలనూ ఇదే గాటన కట్టలేం. 2022లో ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’ అనే మరో గేమ్ వచ్చిన సమయంలో కథానాయిక ఆలోయ్ బుగ్గల మీద నూగు కనిపించిందని కొందరు రచ్చ చేశారు. ఆమె ఏం చేసింది, ఎందుకు చేసిందన్నది వారికి అక్కర్లేదు. అది అభిమానం కాదు, పెళ్లిచూపుల బేరం. సామస్ విషయంలో కూడా సంభాషణలు చదివిన నటి గొంతు మీద విరుచుకుపడినవాళ్లున్నారు. నటి తనకు ఇచ్చిన మాటలే చెప్పింది. ఆమెను తిట్టడం అన్యాయం.

2021లో ‘మెట్రాయిడ్ డ్రెడ్’ వచ్చింది. నిర్మాత సకమోటోనే. అందులో క్రెయిడ్ అనే కొండంత రాక్షసి మీదికొచ్చి గర్జిస్తే సామస్ ఒక్క అడుగు వెనక్కి వేయదు. తుపాకీ చేతిని తాపీగా ఎత్తి దాని ముఖం మీదే కాలుస్తుంది. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ గేమ్ మొత్తంలో ఆమె మాట్లాడేది ఒకే ఒక్కసారి, అదీ తనను పెంచిన చోజో అనే గ్రహాంతర జాతి భాషలో. తిట్లు పడ్డాయని కథానాయికను మళ్లీ మౌనంలోకి పంపడం తేలికైన దారి. గాయాలు, భయాలు, గొంతు అన్నీ ఉన్న సామస్‌ను చూపించి మెప్పించడం నింటెండో ఇంకా చేయాల్సిన పని. అందుకు ఆడమ్ పర్మిషన్ అక్కర్లేదు.